22,000 మైళ్లు, 60,000 హోటల్ పాయింట్లు: ఇద్దరికి ఒక వీకెండ్ ట్రిప్ వస్తుందా?

శనివారం_సంచారి:
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. ఆఫీసు పని మీద తిరిగిన తిరుగుళ్లకి నా ఎయిర్‌లైన్ అకౌంట్‌లో 22,000 మైళ్లు పోగయ్యాయి. అదే ఎయిర్‌లైన్‌లో మా ఆవిడకి 9,000 ఉన్నాయి. ఒక హోటల్ చెయిన్‌లో నాకు 60,000 పాయింట్లు. వీటితో శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా ఒక ట్రిప్ వేయాలని. ఊరి పేరు చెప్పను, చెప్తే చర్చంతా అక్కడ ఏం చూడాలనే దాని మీదికి పోతుంది. ఫ్లైట్ ఒక గంటా నలభై ఐదు నిమిషాలు.

లెక్క ఇదీ. కరెన్సీ రాయడం లేదు, నిష్పత్తి చూసుకోండి చాలు. అవార్డ్ సీటు, అంటే మైళ్లతో తీసుకునేది, ఒక వైపు ఒకరికి 7,500 మైళ్లు, రానూ పోనూ ట్యాక్సులు మనిషికి 48. అదే టికెట్ డబ్బుతో కొంటే 140, ఏమీ కలవని బేసిక్ ఫేర్ అయితే 90. హోటల్ శుక్రవారం రాత్రి 30,000 పాయింట్లు, శనివారం 30,000. డబ్బుతో అయితే రాత్రికి 180. సరిగ్గా 60,000తో హోటల్ అయిపోతుంది అని ఎగిరి గంతేశాను.

కానీ మైళ్ల దగ్గర బండి ఆగింది. నా 22,000లోంచి ఇద్దరికీ పోయే టికెట్లు తీస్తే 15,000 పోయి 7,000 మిగులుతాయి. ఆవిడ 9,000లోంచి ఒక రిటర్న్ వస్తుంది. రెండో రిటర్న్‌కి 7,500 కావాలి, నా దగ్గర 7,000. ఐదు వందల మైళ్లు తక్కువ! ఏం చేయమంటారు?

లెక్కల_మాస్టారు:
భలే చోట ఇరుక్కున్నారండీ. 500 మైళ్ల కోసం నాకు తోచిన దారులు చెప్తాను. ఒకటి, ఎయిర్‌లైన్ దగ్గరే కొనడం. కనీసం వెయ్యి కొనమంటారు సాధారణంగా, రేటు కూడా దారుణంగా ఉంటుంది, కానీ వెయ్యికే కాబట్టి ప్రాణం పోదు. రెండు, ఎయిర్‌లైన్ వాళ్ల షాపింగ్ పోర్టల్ ద్వారా ఎలాగూ కొనే వస్తువేదైనా కొనడం, కాకపోతే అవి అకౌంట్‌లో పడేసరికి వారాలు పడుతుంది. మూడు, హోటల్ పాయింట్లని మైళ్లుగా మార్చడం. ఉదాహరణకి మారియట్ హోటళ్ల పాయింట్ల ప్రోగ్రాం బాన్‌వాయ్‌లో చాలా ఎయిర్‌లైన్లకి 3 పాయింట్లకి 1 మైలు, కనీసం 3,000 పాయింట్లు మార్చాలి. మీ చెయిన్ కూడా అలాంటిదైతే 3,000 పెట్టి 1,000 మైళ్లు తెచ్చుకోవచ్చు. కానీ అప్పుడు హోటల్‌కి 57,000 అవుతాయి, అక్కడ తక్కువ పడుతుంది. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.

ఇంకో మాట. టికెట్ విలువ కట్టేటప్పుడు 140తో పోల్చుకోకండి. మీరు నిజంగా డబ్బు పెట్టి కొనేది ఏ టికెట్? ఒక చిన్న సంచితో పోయేవాళ్లయితే 90ది కొంటారు. (140 - 48) ని 15 వేలతో భాగిస్తే వెయ్యి మైళ్లకి 6.1 వస్తోంది, అదే (90 - 48) అయితే 2.8. సగానికి సగం కంటే కిందికి పడిపోయింది చూశారా. హోటల్‌లో 180 ని 30 వేలతో భాగిస్తే వెయ్యికి 6. ముందు హోటల్‌కి పాయింట్లు వాడండి, ఫ్లైట్ సంగతి తర్వాత.

నగదే_నయం:
ప్రతి చర్చలో నేనే చెడ్డవాణ్ణవుతాను, పర్లేదు. 42 ఆదా చేయడానికి 15,000 మైళ్లు తగలేయడం ఎందుకు? రెండు బేసిక్ టికెట్లు కొనుక్కుని హాయిగా వెళ్లండి. అసలు ఈ పాయింట్ల వ్యవహారం సన్యాసి గోచీ కోసం పిల్లిని పెంచిన కథ. ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని మేపడానికి పెళ్లాం. పాయింట్ల కోసం కార్డు, కార్డు ఫీజు వెనక్కి రాబట్టడానికి ఖర్చు, ఖర్చుకి వడ్డీ. నెల తిరిగేసరికి బిల్లు మొత్తం కట్టనివాడికి పాయింట్ల గురించి మాట్లాడే అర్హతే లేదు, ఒక్క నెల వడ్డీకి ఏడాది పాయింట్లు కొట్టుకుపోతాయి.

మైళ్ల_మూట:
@నగదే_నయం, వడ్డీ గురించి మీరన్నది అక్షర సత్యం. కానీ ఈయన మైళ్లు ఆఫీసు ప్రయాణాల్లో వచ్చినవి, కార్డుతో కాదు. పైగా మైళ్లు దాచుకుంటే పెరిగేవి కావు, తరిగేవి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే మైళ్ల ప్రోగ్రాం పెట్టినప్పట్నుంచి ఎన్నో ఏళ్లు ఎన్ని మైళ్లకి ఏ టికెట్టో చార్టు ఉండేది. డెల్టా ఎయిర్‌లైన్ 2015లో చార్టు తీసేసింది, హోటళ్లలో హిల్టన్ 2017లో, మారియట్ 2022లో. ఇప్పుడు డబ్బు రేటు పెరిగితే పాయింట్ల రేటూ పెరుగుతుంది. 60,000 అని చూసి పొంగిపోవద్దండీ, అది వాపు. ఒక చెయిన్‌లో 60,000 అంటే రెండు రాత్రులు, ఇంకో చెయిన్‌లో ఒక్క రాత్రి, మరో దాంట్లో నాలుగు.

వీకెండ్ వాళ్లకి చార్టు ఉన్న చోటే లాభం. హయత్ ఇప్పటికీ కేటగిరీల వారీగా చార్టు పెడుతోంది. అలాంటి చోట ఊళ్లో పెద్ద ఈవెంట్ ఉండి డబ్బు రేటు మూడింతలైనా పాయింట్లు చార్టు దాటవు. రూము ఖాళీ ఉండాలి, అదే తిరకాసు.

చేతిసంచి_చాలు:
ఒక ప్రశ్న. ఊరు ముందే ఎందుకు ఖాయం చేసుకున్నారు? వీకెండ్ ట్రిప్‌కి నేను ఉల్టాగా వెళ్తాను. సీటు ముందు, ఊరు తర్వాత. ఫ్లయింగ్ బ్లూ (ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎంల మైళ్ల ప్రోగ్రాం) వాళ్లు ప్రతి నెలా కొన్ని రూట్లకి ప్రోమో రివార్డ్స్ అని తక్కువ మైళ్లకి ఇస్తారు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లో స్పాంటేనియస్ ఎస్కేప్స్ అని 30 శాతం తగ్గింపు ఉంటుంది. ఆ లిస్టు రాగానే తెరిచి చూస్తా, రెండు గంటల్లోపు ఎగిరే ఊరు ఏదుందా అని. అలా నేను జన్మలో వెళ్లాలనుకోని మూడు ఊళ్లు చూశాను, అందులో రెండు నాకిప్పటికీ ఇష్టం. మూడోది వద్దులెండి. గూగుల్ ఫ్లైట్స్‌లో ఎక్స్‌ప్లోర్ పేజీలో ఊరు రాయకుండా వీకెండ్ అని పెట్టినా డబ్బు రేట్లు మ్యాపు మీద కనిపిస్తాయి, నగదు పార్టీ వాళ్లకి అది.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ స్పాంటేనియస్ టికెట్లు తీశాక మార్చడం, రద్దు చేయడం కుదరదు. జ్వరమొస్తే మైళ్లు గోవిందా.

శనివారం_సంచారి:
@చేతిసంచి_చాలు అన్నా, ఊరు మా ఆవిడ ఖాయం చేసింది. ఆ విషయంలో చర్చ లేదు 🙂
@లెక్కల_మాస్టారు గారూ, హోటల్ పాయింట్లని మైళ్లుగా మార్చే దారి బాగానే ఉంది. ఆదివారం రాత్రి కూడా చూశాను, అదే హోటల్ 18,000 పాయింట్లే చూపిస్తోంది, డబ్బుతో 95. శని, ఆది ఉంటే 48,000తో అయిపోతుంది, 12,000 మిగులుతాయి, అందులో 3,000 మార్చేయొచ్చు కదా? కానీ సోమవారం పొద్దున్న తిరిగి రావాలి. ఆవిడకి పదిన్నరకి మీటింగ్.

కిటికీ_సీటు:
ఆగండాగండి, మార్చకండి! నా అనుభవం చెప్తా. కిందటేడు నాకూ ఇలాగే కొంచెం తక్కువైతే ఒక హోటల్ అకౌంట్ నుంచి ఎయిర్‌లైన్‌కి మార్చాను. వెంటనే పడిపోతాయనుకున్నా. నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు గంటకోసారి చూశా, సీటు ఉంది. రెండో రోజు ఉంది. మూడో రోజు రాత్రి పదకొండింటికి కూడా ఉంది. నాలుగో రోజు పొద్దున్న మైళ్లు పడ్డాయని మెయిల్ వచ్చింది, పళ్లు కూడా తోముకోకుండా యాప్ తెరిచా, సీటు లేదు. మార్చిన మైళ్లు వెనక్కి రావు కదా, ఆ ఎయిర్‌లైన్‌లో నేను మళ్లీ ఎక్కిందీ లేదు. ఇప్పటికీ అక్కడ పడున్నాయి, నెలకోసారి బ్యాలెన్స్ మెయిల్ పంపించి గిచ్చుతారు.

కొన్ని ట్రాన్స్‌ఫర్లు నిమిషాల్లో అయిపోతాయి నిజమే, కానీ హోటల్ నుంచి ఎయిర్‌లైన్‌కి మార్చేవి చాలావరకు రోజులు తీసుకుంటాయి. సీటు హోల్డ్ చేసే వీలుంటే తప్ప మార్చొద్దు.

ఇంతకీ ఎవరూ అడగలేదేంటి, మీ ఎయిర్‌లైన్‌లో ఫ్యామిలీ పూలింగ్ లేదా? మీ 22, ఆవిడ 9 కలిపితే 31. మీకు కావాల్సింది 30.

లెక్కల_మాస్టారు:
…నేను లెక్కల మాస్టార్ని అని చెప్పుకోవడం మానేస్తా. కూడిక మర్చిపోయాను.

మైళ్ల_మూట:
హహ, మాస్టారూ, ఊరికే కాదు పెద్దవాళ్లు చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అన్నది. పూలింగ్ ఇప్పుడు చాలా చోట్ల ఉంది. యునైటెడ్ 2024లో పెట్టింది, ఐదుగురి దాకా కలుపుకోవచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో హౌస్‌హోల్డ్ అకౌంట్ ఉంది. హోటళ్లలో హిల్టన్ అయితే మరో పదిమందితో కూడా పాయింట్లు కలుపుకోనిస్తుంది, మారియట్‌లో ఏడాదికి లక్ష దాకా ఇంకొకరికి పంపొచ్చు. కాకపోతే పూల్‌లో చేరేముందు షరతులు చదవండి, చేరిన మనిషి వెంటనే బయటికి రాలేకపోవచ్చు.

ఇంకో సంగతి, ఏవియోస్ అనే రకం మైళ్లు దాచుకునేవాళ్లకి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఏర్ లింగస్, 2022 నుంచి ఖతార్, 2024 నుంచి ఫిన్‌ఎయిర్, వీటన్నిటిలోనూ ఒకటే ఏవియోస్. అకౌంట్లు లింక్ చేస్తే ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ఒకటికి ఒకటి మారిపోతాయి. ఒకే సీటుకి ఒక చోట ట్యాక్సులు ఎక్కువ, ఇంకో చోట తక్కువ చూపించడం నేను చాలాసార్లు చూశాను. తక్కువున్న చోటికి జరుపుకుని తీసుకోవడమే.

శనివారం_సంచారి:
@కిటికీ_సీటు అక్కా, దండం పెట్టాను. పూలింగ్ ఉంది! సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున దాక్కుంది. ఆవిడకి రిక్వెస్ట్ పంపించాను, పక్క గదిలోంచి ఒప్పుకుంది.

కానీ కొత్త చిక్కు. శుక్రవారం సాయంత్రం ఇద్దరికీ సీట్లున్నాయి. ఆదివారం సాయంత్రం రిటర్న్ ఒక్క సీటే చూపిస్తోంది. ఇద్దరు ప్యాసింజర్లని పెడితే 7,500 బదులు 13,000 అంటోంది ఒక్కొక్కరికి. ఒకరిని పెడితే 7,500. ఇదేం మాయ?

మైళ్ల_మూట:
మాయేం కాదు. ఆ తక్కువ రేటు బకెట్‌లో, అంటే ఆ రేటుకిచ్చే సీట్ల కోటాలో, ఒక్క సీటే మిగిలింది. ఇద్దర్ని కలిపి అడిగితే సిస్టం ఇద్దరికీ సీట్లున్న బకెట్‌కి వెళ్లిపోయి ఇద్దరికీ ఆ రేటే వేస్తుంది. డబ్బు టికెట్లకి కూడా ఇంతే, చాలామందికి తెలీదు. ఎప్పుడూ ఒకరిని పెట్టి ఒకసారి, ఇద్దర్ని పెట్టి ఒకసారి వెతకండి. విడివిడిగా తీసుకుంటే ఒకరికి 7,500, ఇంకొకరికి 13,000 పడుతుంది. అప్పుడు మొత్తం 35,500 కావాలి, మీ దగ్గర 31,000. ఆదివారం సాయంత్రం అంటే అందరూ ఇంటికి పరిగెత్తే టైము, దాని మీద ఆశ వదిలేసుకోండి. సోమవారం పొద్దున్న చూడండి.

నగదే_నయం:
సోమవారం పొద్దున ఫ్లైటెక్కి పదిన్నరకి మీటింగ్. పాయింట్ల కోసం సంసారంలో చిచ్చు పెట్టుకోవడం అంటే ఇదే.

కిటికీ_సీటు:
ఆయన మాట అలా ఉంచండి. మొదటి ఫ్లైట్ ఎన్నింటికి? రాత్రి అక్కడే నిలబడిన విమానం పొద్దున్నే మొదటిసారి లేస్తుంది కాబట్టి, రోజంతా తిరిగి తిరిగి ఆలస్యం మూటగట్టుకొచ్చే సాయంత్రం ఫ్లైట్ల కంటే అది నయం. నేనైతే వీకెండ్ ట్రిప్పులన్నీ శనివారం మొదటి ఫ్లైట్, సోమవారం మొదటి ఫ్లైట్. శుక్రవారం సాయంత్రం పోతే మీరు హోటల్ చేరేది రాత్రి పదకొండుకి, అంటే 30,000 పాయింట్లు పెట్టి పడుకుంటున్నారంతే. ఆ నిద్రేదో ఇంట్లో పోండి.

లెక్కల_మాస్టారు:
అక్కగారు చెప్పింది లెక్కకి కూడా సరిపోయింది (ఈసారి కూడికలు రెండుసార్లు చూసుకున్నాను). శని 30,000, ఆది 18,000. విలువ చూస్తే శనివారం వెయ్యి పాయింట్లకి 6, ఆదివారం 95 ని 18తో భాగిస్తే 5.3. మరీ నాణ్యంగా కావాలంటే శనివారం పాయింట్లతో, ఆదివారం డబ్బుతో చేయొచ్చు.

కిటికీ_సీటు:
0.7 కోసం రెండు బుకింగులు చేస్తే మధ్యలో రూము మారమంటారు మాస్టారూ. ఆదివారం మధ్యాహ్నం పెట్టె సర్దుకుని లాబీలో కూర్చోవడం ఆయన భార్యకి మీరే వివరించండి.

లెక్కల_మాస్టారు:
విరమించుకుంటున్నాను.

చేతిసంచి_చాలు:
హోటల్ విషయంలో రెండు ముక్కలు. ఆ 18,000, 30,000 అంతా కలిపిన రేటా? పాయింట్లతో తీసుకున్న రాత్రులకి రిసార్ట్ ఫీజు, డెస్టినేషన్ ఫీజు (రూము రేటు మీద హోటల్ అదనంగా వేసేవి) హిల్టన్, హయత్ వేయవు, మారియట్‌లో ఆ ఫీజున్న హోటళ్లు వేస్తాయి. మీ చెయిన్ ఏదో గానీ బుకింగ్ చివరి పేజీలో చిన్న అక్షరాలు చదవండి. ఏనుగుని ఫ్రీగా ఇచ్చి అంకుశానికి బిల్లేసే రకాలు ఉన్నాయి.

ఐదో రాత్రి ఫ్రీ అని ఊరిస్తారు, హిల్టన్‌లో స్టేటస్ (తరచూ వచ్చేవాళ్లకిచ్చే సభ్యత్వ హోదా) ఉన్నవాళ్లకి, మారియట్‌లో సభ్యులందరికీ ఉంది. రెండు రాత్రుల మనుషులకి అది అందని ద్రాక్ష, మర్చిపోండి. దానికంటే ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి రైలో మెట్రోనో ఉందా లేదా చూసుకోండి. ఊరి బయట 14,000 పాయింట్లకి రూము దొరికిందని తీసుకుని, రోజూ రానూ పోనూ టాక్సీలకి పోసినవాణ్ణి నేను. 48 గంటల ట్రిప్‌లో ఐదు గంటలు వంతెన మీద ట్రాఫిక్‌లో కూర్చున్నాను. ఆ వంతెన ఫోటోలు నా దగ్గర బోలెడున్నాయి.

శనివారం_సంచారి:
రాత్రి ఒంటిగంటకి రాస్తున్నా. అయిపోయింది! శనివారం పొద్దున్న 6:40కి పోవడం, సోమవారం 6:15కి రావడం, నాలుగు సీట్లూ 7,500 లెక్కనే దొరికాయి, పూల్‌లోంచి 30,000 పోయాయి. హోటల్ 48,000. డెస్టినేషన్ ఫీజు లేదు, మూడుసార్లు చదివాను. సోమవారం 8 గంటలకి దిగుతాం, ఆవిడ అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకి.

ఒక డౌటు. రౌండ్ ట్రిప్ కాకుండా రెండు వన్ వేలుగా తీసుకున్నాను, తప్పా?

మైళ్ల_మూట:
మంచి పనే చేశారు. రౌండ్ ట్రిప్‌గా ఒకే టికెట్ మీద ఉంటే, పోయే ఫ్లైట్ ఎక్కకపోతే రిటర్న్ కూడా రద్దవుతుంది. విడివిడిగా ఉంటే ఆ గొడవ లేదు. మైళ్ల టికెట్ల దగ్గర రౌండ్ ట్రిప్ తీసుకున్నంత మాత్రాన తగ్గింపు కూడా సాధారణంగా ఉండదు. రద్దు ఛార్జీ ఎంతో మాత్రం ఇప్పుడే చూసి పెట్టుకోండి. కొన్ని ఎయిర్‌లైన్లు మైళ్లు ఉచితంగా వెనక్కి వేస్తాయి, కొన్ని ఒక్కో టికెట్‌కీ ఛార్జీ తీసుకుంటాయి. వన్ వేలు రెండైతే ఛార్జీ రెండుసార్లు.

శనివారం_సంచారి:
(మూడు వారాల తర్వాత) వెళ్లొచ్చాం, మాట ఇచ్చినట్టు రిపోర్టు.

శనివారం 8:30కి దిగాం, తొమ్మిదిన్నరకి హోటల్లో ఉన్నాం. రూము మూడింటికి గానీ రాదన్నారు. సంచులు ఫ్రంట్ డెస్క్‌లో పెట్టి పసుపు రంగు టోకెన్ ఇచ్చారు, అది జేబులో వేసుకుని సాయంత్రం దాకా కాళ్లు నొప్పి పుట్టేలా తిరిగాం. ఆ ఆరు గంటలే ట్రిప్‌లో బెస్ట్ అని ఆవిడ తీర్పు. శుక్రవారం రాత్రి వచ్చి ఉంటే శనివారం పది దాకా పడుకునేవాళ్లమే.

ఆదివారం ఊరు ఖాళీ. మ్యూజియంలో వరుస లేదు, హోటల్లో శనివారం లిఫ్టు కోసం నిలబడిన జనం ఆదివారం రాత్రికి మాయం. 18,000కి ఎందుకిచ్చారో అప్పుడర్థమైంది.

ఇక సోమవారం. నాలుగున్నరకి లేవాలి. నా ఫోన్‌లో అలారం వీక్‌డేస్‌కే పెట్టి ఉంది, సోమవారం వీక్‌డేనే కదా అనుకున్నా, కానీ అది ఆరింటికి. దేవుడి దయ వల్ల ఆవిడ విడిగా పెట్టుకుంది. మీటింగ్‌కి పావుగంట ముందే వెళ్లింది, రెండో స్లైడ్ దగ్గర ఆవలించిందట.

ఖర్చు: ఇద్దరికీ ట్యాక్సులు 96, మెట్రో, తిండి. అంతే. పూల్‌లో 1,000 మైళ్లు, హోటల్లో 12,000 పాయింట్లు మిగిలాయి.

నగదే_నయం:
96కి ఇంకో 84 కలిపితే రెండు బేసిక్ టికెట్లు వచ్చేవి. 30,000 మైళ్లు అలాగే ఉండేవి.
(సరే, హోటల్ మాత్రం బాగా కొట్టారు.)

లెక్కల_మాస్టారు:
ఆయన లెక్క తప్పు కాదండీ, 90 చొప్పున 180. నేనూ అదే చేసేవాణ్ణి. ఇంతకీ ఆ మిగిలిన 12,000 ఎప్పటిదాకా ఉంటాయో చూశారా? మారియట్, హిల్టన్, హయత్‌లో 24 నెలలు అకౌంట్‌లో ఏ కదలికా లేకపోతే పోతాయి, ఐహెచ్‌జీ అనే హోటల్ చెయిన్‌లో స్టేటస్ లేనివాళ్లకి 12 నెలలే. ఇంకోటి, పాయింట్లతో ఉన్న రాత్రులు కూడా పెద్ద చెయిన్లలో స్టేటస్ లెక్కలోకి వస్తాయి. మీ అకౌంట్‌లో ఆ రెండు రాత్రులు ఎక్కాయా?

శనివారం_సంచారి:
ఇప్పుడే చూశాను మాస్టారూ. ఒక్కటే ఎక్కింది. ఆదివారం రాత్రిది లేదు.

కిటికీ_సీటు:
బిల్లు పారేయలేదు కదా?

శనివారం_సంచారి:
బిల్లు మెయిల్‌లో ఉంది. పసుపు టోకెన్ కూడా జేబులోనే ఉంది, తిరిగివ్వడం మర్చిపోయాను. క్లెయిమ్ పెడుతున్నా.